ఎస్‌క్యూఎల్ సబ్‌క్వెరీలు: పాల కేంద్రం లెక్కలతో మొదటి నుంచి

"సగటు కంటే ఎక్కువ పాలు ఎవరు పోశారు?" మనకు ఇది ఒకటే ప్రశ్న. డేటాబేస్‌కి మాత్రం రెండు. ముందు సగటు ఎంతో తేలాలి, తర్వాతే ఒక్కో రోను దానితో పోల్చాలి. రెండు క్వెరీలు విడివిడిగా నడిపి, మొదటిదానికి వచ్చిన అంకెను రెండోదాంట్లో చేత్తో కొట్టినా పని జరుగుతుంది. కానీ సాయంత్రం పాలు ఎక్కగానే ఆ అంకె పాతబడుతుంది. అందుకని మొదటి క్వెరీని బ్రాకెట్లలో పెట్టి, రెండోదాని లోపలే కూర్చోబెడతాం. అదే సబ్‌క్వెరీ.

సబ్‌క్వెరీల రకాలను బట్టీ పట్టక్కర్లేదు. ఒక అలవాటు చాలు: లోపలి క్వెరీని ముందు విడిగా నడిపి, జవాబు ఏ ఆకారంలో వస్తోందో చూడండి. ఒకే విలువా, ఒక కాలమా, మొత్తం టేబులా? దాన్ని బయటి క్వెరీలో ఎక్కడ పెట్టాలి, దాని ముందు ఏ గుర్తు రాయాలి అన్నది ఆ ఆకారమే చెబుతుంది.

కోడ్ గురించి ఒక మాట. ఇక్కడ చదవడానికి వీలుగా కీవర్డ్‌లను కూడా తెలుగు లిపిలోనే రాశాను. మీ ఎడిటర్‌లో సెలెక్ట్, ఫ్రమ్, వేర్ లాంటివి ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. టేబుళ్ల, కాలమ్‌ల పేర్లను మాత్రం మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండూ తెలుగులో ఉన్నా తీసుకుంటాయి. అయినా ఆఫీసు ప్రాజెక్టులో ఆ ప్రయోగం వద్దు, పక్క సీటు వాళ్లు తిట్టుకుంటారు.

## మన టేబుళ్లు

ఒక పాల సేకరణ కేంద్రం అనుకుందాం. రైతుల జాబితా ఒక టేబుల్, పోసిన పాలు ఇంకో టేబుల్.

రైతులు:

| ఐడి | పేరు | కేంద్రం |
|---|---|---|
| 1 | యాదమ్మ | తూర్పు |
| 2 | సత్తయ్య | తూర్పు |
| 3 | లక్ష్మి | పడమర |
| 4 | రాములు | పడమర |
| 5 | బాలమణి | తూర్పు |

పాలు:

| నంబరు | రైతు_ఐడి | పూట | లీటర్లు |
|---|---|---|---|
| 1 | 1 | ఉదయం | 6 |
| 2 | 2 | ఉదయం | 10 |
| 3 | 3 | ఉదయం | 4 |
| 4 | 4 | ఉదయం | 8 |
| 5 | 1 | సాయంత్రం | 5 |
| 6 | 3 | సాయంత్రం | 3 |
| 7 | నల్ | సాయంత్రం | 6 |

నిజం టేబుల్ అయితే తేదీ, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థం), రేటు కూడా ఉంటాయి. ఇది ఒక్క రోజు లెక్క కాబట్టి వాటిని వదిలేశాను. రెండు సంగతులు మాత్రం చూసి పెట్టుకోండి: బాలమణి ఆ రోజు పాలు పోయలేదు, 7వ ఎంట్రీలో రైతు_ఐడి ఖాళీగా ఉంది (ఎస్‌క్యూఎల్‌లో ఈ ఖాళీనే నల్ అంటారు). ఈ రెండింటి వల్లే ముందుముందు తలనొప్పి వస్తుంది. రైతులు టేబుల్‌లో కాలమ్ పేరు "ఐడి", పాలు టేబుల్‌లో "రైతు_ఐడి" అన్న తేడా కూడా గమనించండి.

## ఒకే విలువ ఇచ్చే సబ్‌క్వెరీ

ముందు లోపలిది విడిగా:

```
సెలెక్ట్ ఏవీజీ(లీటర్లు) ఫ్రమ్ పాలు
```

మొత్తం 42 లీటర్లు, 7 ఎంట్రీలు, సగటు 6. వచ్చింది ఒక రో, ఒక కాలమ్. అంటే మామూలుగా ఒక అంకె రాసే ఏ చోటైనా దీన్ని పెట్టొచ్చు.

```
సెలెక్ట్ నంబరు, రైతు_ఐడి, లీటర్లు
ఫ్రమ్ పాలు
వేర్ లీటర్లు > (సెలెక్ట్ ఏవీజీ(లీటర్లు) ఫ్రమ్ పాలు);
```

2, 4 నంబర్ల ఎంట్రీలు వస్తాయి: సత్తయ్య 10 లీటర్లు, రాములు 8 లీటర్లు. "వేర్ లీటర్లు > ఏవీజీ(లీటర్లు)" అని నేరుగా రాస్తే ఎర్రర్. వేర్ ఒక్కో రోను విడిగా చూస్తుంది, గుంపు లెక్క దానికి తెలియదు.

ఇక్కడ దొర్లే తప్పు ఎలా ఉంటుందంటే:

```
సెలెక్ట్ * ఫ్రమ్ పాలు
వేర్ రైతు_ఐడి = (సెలెక్ట్ ఐడి ఫ్రమ్ రైతులు వేర్ పేరు = 'లక్ష్మి');
```

ఈరోజు చక్కగా నడుస్తుంది. కానీ ఏ ఊళ్లోనైనా లక్ష్మి ఒక్కరే ఉంటారా? రెండో లక్ష్మి పేరు చేరిన రోజున ఇది ఆగిపోతుంది. మైఎస్‌క్యూఎల్ 1242 ఎర్రర్ ఇస్తుంది, ఒరాకిల్ ఓఆర్ఏ-01427 అంటుంది. సబ్‌క్వెరీ ఒకటి కంటే ఎక్కువ రోలు తెచ్చిందన్నది రెండింటి ఫిర్యాదూ. ఎస్‌క్యూలైట్ ఇంకా ప్రమాదం, అది ఏమీ అనకుండా మొదటి రోను తీసుకుని ముందుకెళ్తుంది. ఎర్రర్ రాగానే లోపల లిమిట్ 1 (ఒక్క రోనే తెమ్మని చెప్పేది) తగిలించేవాళ్లున్నారు. ఎర్రర్ పోతుంది, కానీ ఏ లక్ష్మి లెక్క వచ్చిందో ఎవరికీ తెలియదు. ఐడితో వెతకండి, లేదా ఇద్దరి పాలూ కావాలంటే "=" తీసేసి "ఇన్" పెట్టండి.

లోపలి క్వెరీకి ఒక్క రో కూడా దొరక్కపోతే ఎర్రర్ రాదు, నల్ వస్తుంది. నల్‌తో ఏది పోల్చినా "అవును" అన్న జవాబు రాదు కాబట్టి బయట ఖాళీ ఫలితం కనిపిస్తుంది. ఖాళీ ఫలితం చూసి డేటా లేదనుకునే ముందు లోపలిదాన్ని ఒకసారి విడిగా నడపండి.

ఈ రకాన్ని సెలెక్ట్ జాబితాలోనూ పెట్టుకోవచ్చు. ఇందులో ర, ప అనేవి టేబుళ్లకు "యాజ్"తో పెట్టిన పొట్టి పేర్లు:

```
సెలెక్ట్ ర.పేరు,
  కొయలెస్((సెలెక్ట్ సమ్(ప.లీటర్లు) ఫ్రమ్ పాలు యాజ్ ప
          వేర్ ప.రైతు_ఐడి = ర.ఐడి), 0) యాజ్ మొత్తం
ఫ్రమ్ రైతులు యాజ్ ర;
```

యాదమ్మకు 11, సత్తయ్యకు 10, లక్ష్మికి 7, రాములుకు 8, బాలమణికి 0 వస్తాయి. కొయలెస్ లేకపోతే బాలమణి దగ్గర 0 బదులు నల్ ఉండేది.

## ఒక కాలమ్ ఇచ్చేది: ఇన్

తూర్పు కేంద్రం రైతులు పోసిన పాలు కావాలి. లోపలి క్వెరీ ఇచ్చేది 1, 2, 5 అనే జాబితా. జాబితాకు "=" పనికిరాదు.

```
సెలెక్ట్ * ఫ్రమ్ పాలు
వేర్ రైతు_ఐడి ఇన్ (సెలెక్ట్ ఐడి ఫ్రమ్ రైతులు వేర్ కేంద్రం = 'తూర్పు');
```

1, 2, 5 నంబర్ల ఎంట్రీలు వస్తాయి. జాబితాలోని అందరికంటే ఎక్కువ కావాలంటే "> ఆల్", ఏ ఒక్కరికంటే ఎక్కువైనా చాలంటే "> ఎనీ" కూడా ఉన్నాయి. వీటి అవసరం అరుదు. పైగా లోపలి జాబితా ఖాళీ అయితే "> ఆల్" ప్రతి రోకూ నిజం అయిపోతుంది. చాలాసార్లు మ్యాక్స్, మిన్‌తో రాసిందే చదవడానికి తేలిక.

## టేబుల్ ఇచ్చేది: ఫ్రమ్‌లో సబ్‌క్వెరీ

ఇప్పుడు ప్రశ్న కొద్దిగా మారుద్దాం. సగటు ఎంట్రీ కాదు, ఒక్కో రైతు రోజు మొత్తం మీద పోసిన పాలకు సగటు కావాలి. అంటే ముందు రైతువారీగా కూడాలి, ఆ మొత్తాలకు సగటు తీయాలి. ఏవీజీ(సమ్(లీటర్లు)) అని రాస్తే మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోవు. మొదటి మెట్టు ఫలితాన్నే ఒక టేబుల్‌గా ఫ్రమ్‌లో పెట్టాలి.

```
సెలెక్ట్ ఏవీజీ(త.మొత్తం)
ఫ్రమ్ (
  సెలెక్ట్ రైతు_ఐడి, సమ్(లీటర్లు) యాజ్ మొత్తం
  ఫ్రమ్ పాలు
  వేర్ రైతు_ఐడి ఈజ్ నాట్ నల్
  గ్రూప్ బై రైతు_ఐడి
) యాజ్ త;
```

మొత్తాలు 11, 10, 7, 8. సగటు 9. ఆ "ఈజ్ నాట్ నల్" మర్చిపోతే రైతు_ఐడి లేని 6 లీటర్లు కూడా ఒక రైతు లెక్కలోకి వచ్చి సగటు 8.4 అవుతుంది. పాలు పోయని బాలమణిని కూడా సున్నాతో కలపాలంటే 36ను 5తో భాగించి 7.2 వస్తుంది. అప్పుడు 8 లీటర్లు పోసిన రాములు కూడా సగటుకు పైన చేరతాడు. ఈ మూడింట్లో ఏది సరైనదో ఎస్‌క్యూఎల్ చెప్పదు, లెక్క అడిగినవాళ్లను అడగాల్సిందే.

చివర ఉన్న "యాజ్ త" అలంకారం కాదు. ఫ్రమ్‌లో సబ్‌క్వెరీకి పేరు పెట్టకపోతే మైఎస్‌క్యూఎల్ 1248 ఎర్రర్ ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ 2023లో వచ్చిన 16వ వెర్షన్ నుంచి పేరు లేకపోయినా ఊరుకుంటోంది. ఒరాకిల్‌లో టేబుల్ పేరు ముందు "యాజ్" రాయకూడదు, ఉత్త పేరు రాయాలి.

ఇదే లెక్కతో "సగటు కంటే ఎక్కువ పోసిన రైతులు" కావాలంటే మొత్తాల సబ్‌క్వెరీ రెండుసార్లు అవసరం: ఒకసారి రైతుల కోసం, ఒకసారి సగటు కోసం. అదే కోడ్ రెండు చోట్ల రాస్తే రేపు ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోతాం. ఇలాంటప్పుడు సబ్‌క్వెరీకి పైనే ఒక పేరు పెట్టి, కింద ఆ పేరుతో వాడుకోనిచ్చే "విత్" వాడాలి.

```
విత్ మొత్తాలు యాజ్ (
  సెలెక్ట్ రైతు_ఐడి, సమ్(లీటర్లు) యాజ్ మొత్తం
  ఫ్రమ్ పాలు
  వేర్ రైతు_ఐడి ఈజ్ నాట్ నల్
  గ్రూప్ బై రైతు_ఐడి
)
సెలెక్ట్ ర.పేరు, మ.మొత్తం
ఫ్రమ్ మొత్తాలు యాజ్ మ
జాయిన్ రైతులు యాజ్ ర ఆన్ ర.ఐడి = మ.రైతు_ఐడి
వేర్ మ.మొత్తం > (సెలెక్ట్ ఏవీజీ(మొత్తం) ఫ్రమ్ మొత్తాలు);
```

యాదమ్మ 11, సత్తయ్య 10. ఎంట్రీల సగటు చూసినప్పుడు రాములు ఉన్నాడు, యాదమ్మ లేదు. ఇప్పుడు తారుమారైంది. రెండు పూటలా పోసే మనిషికి ఒక్కో ఎంట్రీ చిన్నదే, రోజు మొత్తం పెద్దది.

విత్ అనేది 1999 ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే ఉన్నా, అందరి చేతికీ రావడానికి చాలా ఏళ్లు పట్టింది. పోస్ట్‌గ్రెస్‌లో 2009లో 8.4 వెర్షన్‌తో, ఎస్‌క్యూలైట్‌లో 2014లో, మైఎస్‌క్యూఎల్‌లో 2018లో 8.0తో వచ్చింది. పాత సర్వర్ మీద పనిచేస్తుంటే ముందు వెర్షన్ చూసుకోండి. రెండు మెట్ల కంటే లోతుగా బ్రాకెట్లు వెళ్తున్నాయంటే నేనైతే విత్‌లోకి మార్చేస్తాను. పై నుంచి కిందికి చదువుకుంటూ పోవచ్చు, లోపలి నుంచి బయటికి తవ్వుకుంటూ రానక్కర్లేదు.

## బయటి రోను చూసి మారే సబ్‌క్వెరీ

ఇప్పటిదాకా చాలావరకు లోపలి క్వెరీ తనంతట తాను నడిచేది. ఇప్పుడు అలా నడవనిది. సాయంత్రం పాలు ఉదయం కంటే తక్కువ రావడం మామూలే. అందరినీ ఒకే సగటుతో పోలిస్తే సాయంత్రం పోసినవాళ్లకు అన్యాయం. ఏ పూట ఎంట్రీని ఆ పూట సగటుతో పోల్చాలి.

```
సెలెక్ట్ బ.నంబరు, బ.పూట, బ.లీటర్లు
ఫ్రమ్ పాలు యాజ్ బ
వేర్ బ.లీటర్లు > (
  సెలెక్ట్ ఏవీజీ(ల.లీటర్లు)
  ఫ్రమ్ పాలు యాజ్ ల
  వేర్ ల.పూట = బ.పూట
);
```

ఒకే టేబుల్ రెండుసార్లు వచ్చింది కాబట్టి బయటిదానికి బ, లోపలిదానికి ల అని పేరు పెట్టాను. బయటి టేబుల్‌లో ఒక్కో రో దగ్గర ఆగి, ఆ రో పూటను లోపలికి పంపి, సగటు తెచ్చుకుని పోల్చినట్టు ఊహించుకోండి. ఉదయం సగటు 7, సాయంత్రం సగటు సుమారు 4.67. ఫలితంలో 2, 4తో పాటు 5, 7 ఎంట్రీలు కూడా వస్తాయి. యాదమ్మ సాయంత్రం పోసిన 5 లీటర్లు మొత్తం సగటు 6 కంటే తక్కువే, కానీ ఆ పూటకు ఎక్కువ.

దీన్ని విడిగా నడిపి చూడాలంటే బ.పూట స్థానంలో 'ఉదయం' అని చేత్తో కొట్టండి, 7 వస్తే సరే. తర్వాత 'సాయంత్రం' కొట్టి చూడండి.

బ, ల పేర్లు లేకుండా "వేర్ పూట = పూట" అని రాస్తే ఏమవుతుంది? ఎర్రర్ రాదు. రెండు పూటలూ లోపలి టేబుల్‌వే అనుకుంటుంది, అది ఎప్పుడూ నిజమే, కాబట్టి మొత్తం సగటు 6తోనే పోల్చి 2, 4 మాత్రం ఇస్తుంది. సరైన జవాబులాగే కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవడం కష్టం.

విండో ఫంక్షన్ (రోలను కలిపేయకుండా ఒక్కో రో పక్కనే గుంపు లెక్క చూపేది) ఉన్న డేటాబేస్‌లో ఇదే లెక్కను ఏవీజీ(లీటర్లు) ఓవర్ (పార్టిషన్ బై పూట) అని కూడా తీయొచ్చు. కానీ దాన్ని వేర్‌లో నేరుగా రాయనివ్వరు. దాన్నీ ఫ్రమ్‌లో ఒక సబ్‌క్వెరీగా చుట్టి, బయట వేర్ పెట్టాల్సిందే.

## ఉందా, లేదా: ఎగ్జిస్ట్స్

ఆ రోజు పాలు పోసిన రైతుల పేర్లు కావాలి. చాలామంది జాయిన్‌తో మొదలుపెడతారు. రెండు టేబుళ్లు జాయిన్ చేస్తే యాదమ్మ, లక్ష్మి రెండేసిసార్లు వచ్చి 6 రోలు అవుతాయి. వెంటనే రిపీట్లు తీసేయడానికి డిస్టింక్ట్ తగిలిస్తారు. మనకు పాల వివరాలు ఏవీ అక్కర్లేదు, ఎంట్రీ ఉందో లేదో చాలు.

```
సెలెక్ట్ ర.పేరు
ఫ్రమ్ రైతులు యాజ్ ర
వేర్ ఎగ్జిస్ట్స్ (
  సెలెక్ట్ 1 ఫ్రమ్ పాలు యాజ్ ప వేర్ ప.రైతు_ఐడి = ర.ఐడి
);
```

నలుగురూ ఒక్కోసారే వస్తారు. లోపల సెలెక్ట్ 1 అని రాసినా, నక్షత్రం పెట్టినా తేడా లేదు, ఒక రో దొరికిందా అన్నదే లెక్క.

ఇక ఇంటర్వ్యూల్లో అడిగేది, ఉద్యోగంలో రిపోర్టులు తప్పేది ఒకే చోట. పాలు పోయనివాళ్లెవరు? చేయి ముందుగా వెళ్లేది ఇటు:

```
సెలెక్ట్ పేరు ఫ్రమ్ రైతులు
వేర్ ఐడి నాట్ ఇన్ (సెలెక్ట్ రైతు_ఐడి ఫ్రమ్ పాలు);
```

బాలమణి రావాలి. ఒక్కరూ రారు. కారణం 7వ ఎంట్రీలోని నల్. "5 ఈ జాబితాలో లేదు" అనాలంటే 5 అనేది 1 కాదు, 2 కాదు, 3 కాదు, 4 కాదు, నల్ కాదు అని అన్నీ తేలాలి. నల్ అంటే "తెలియదు". తెలియనిది 5 కాదని ఎలా చెబుతాం? ఆ ఒక్క పోలిక జవాబు "తెలియదు" అయ్యేసరికి మొత్తం షరతు "తెలియదు" అవుతుంది, వేర్ ఆ రోను వదిలేస్తుంది. లక్ష రోల మధ్య ఒక్క నల్ ఉన్నా ఇదే గతి. నిన్నటిదాకా బాగా పనిచేసిన రిపోర్టు ఒక్క ఖాళీ ఎంట్రీతో ఈరోజు శూన్యం చూపిస్తుంది, ఏ హెచ్చరికా ఉండదు.

పై ఎగ్జిస్ట్స్ క్వెరీలో ముందు నాట్ చేర్చండి, బాలమణి వచ్చేస్తుంది. నాట్ ఎగ్జిస్ట్స్‌కి నల్‌తో గొడవ లేదు. లోపలి కాలమ్ నాట్ నల్ అని గ్యారంటీ ఉన్నప్పుడే నాట్ ఇన్ వాడండి. లేకపోతే వద్దు. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

## డిలీట్, అప్‌డేట్ దగ్గర

పడమర కేంద్రం లెక్క వేరే చోటికి మార్చేశారు, ఇక్కడి ఎంట్రీలు తీసేయాలి అనుకుందాం.

```
డిలీట్ ఫ్రమ్ పాలు
వేర్ రైతు_ఐడి ఇన్ (సెలెక్ట్ రైతు_ఐడి ఫ్రమ్ రైతులు వేర్ కేంద్రం = 'పడమర');
```

దీన్ని నడిపితే మూడు ఎంట్రీలు పోవాలి. ఆరు పోతాయి. రైతులు టేబుల్‌లో రైతు_ఐడి అన్న కాలమే లేదు, ఉన్నది ఐడి. లోపల ఆ పేరు దొరక్కపోతే డేటాబేస్ ఎర్రర్ ఇవ్వదు, బయట వెతుకుతుంది. బయట పాలు టేబుల్‌లో దొరికింది. ఇక ప్రతి రో తన ఐడిని తనతోనే పోల్చుకుంటుంది, అందరూ పాసవుతారు. నల్ ఉన్న 7వ ఎంట్రీ ఒక్కటే మిగులుతుంది. లోపలి సెలెక్ట్‌ను విడిగా నడిపి ఉంటే, అలాంటి కాలమ్ లేదని ఎర్రర్ అక్కడే వచ్చేది. సబ్‌క్వెరీ లోపల ప్రతి కాలమ్ ముందూ టేబుల్ పేరు రాస్తే, అంటే ర.రైతు_ఐడి అని రాసినా, ఎర్రర్ వచ్చి ఆగిపోయేది.

రెండోది, ఒకే పాలు రెండుసార్లు ఎక్కిన ఎంట్రీలు తీసేయడం. ప్రతి రైతుకు, ప్రతి పూటకు చిన్న నంబరు ఉంచి మిగతావి తీయాలి.

```
డిలీట్ ఫ్రమ్ పాలు
వేర్ నంబరు నాట్ ఇన్ (
  సెలెక్ట్ త.ఉంచేది ఫ్రమ్ (
    సెలెక్ట్ మిన్(నంబరు) యాజ్ ఉంచేది
    ఫ్రమ్ పాలు
    గ్రూప్ బై రైతు_ఐడి, పూట
  ) యాజ్ త
);
```

నంబరు ప్రైమరీ కీ (ప్రతి రోకూ వేరుగా ఉండే, ఎప్పుడూ నల్ కాని కాలమ్) కాబట్టి ఇక్కడ నాట్ ఇన్‌తో భయం లేదు. మధ్యలో అదనపు మెట్టు మైఎస్‌క్యూఎల్ కోసం. తీసేస్తున్న టేబుల్‌నే సబ్‌క్వెరీలో నేరుగా చదివితే అది 1093 ఎర్రర్ ఇస్తుంది, ఫ్రమ్‌లో చుట్టేస్తే ముందు జాబితా తయారు చేసుకుని ఆ తర్వాత తీస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కి ఆ మెట్టు అక్కర్లేదు. అయితే గ్రూప్ బై అన్ని నల్‌లనూ ఒకే గుంపు చేస్తుంది. రైతు_ఐడి ఎక్కని ఇద్దరు వేర్వేరు రైతులు ఒకే పూట పోసి ఉంటే ఒకరి పాలు మాయమవుతాయి. ముందు వాటిని సరిచేసి, తర్వాత దీన్ని నడపండి.

## స్పీడు సంగతి

"సబ్‌క్వెరీలు నెమ్మది, జాయిన్ రాయి" అన్న సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. దానికో చరిత్ర ఉంది. ఒక సెలెక్ట్ ఫలితాన్ని ఇంకో సెలెక్ట్‌కి అందించే పద్ధతి, 1974లో ఐబీఎంలో డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ సీక్వెల్ భాషను (ఎస్‌క్యూఎల్‌కి మొదటి పేరు) పరిచయం చేసిన పత్రంలోనే ఉంది. మైఎస్‌క్యూఎల్‌కి మాత్రం సబ్‌క్వెరీలు 2004లో 4.1తో వచ్చాయి. చాలాకాలం పాటు అది ఇన్ సబ్‌క్వెరీని బయటి ప్రతి రోకీ మళ్లీ మళ్లీ నడిపేది. 2013లో 5.6 వచ్చాక దాన్ని సెమీ జాయిన్‌గా (జత ఉందా లేదా అని మాత్రమే చూసే జాయిన్‌గా) మార్చుకోవడం నేర్చింది. ఆ సలహా చాలావరకు అంతకుముందు కాలానిది.

ఇప్పుడు ఇన్, ఎగ్జిస్ట్స్ రెండింటినీ పెద్ద డేటాబేస్‌లు తరచూ ఒకే ప్లాన్‌గా మారుస్తాయి. కాబట్టి ముందు అర్థమయ్యేలా రాయండి, నెమ్మదిగా ఉంటేనే ఎక్స్‌ప్లెయిన్ చూడండి, క్వెరీని ఎలా నడపాలనుకుంటోందో (దాని ప్లాన్) డేటాబేస్ అందులో చూపిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో "డిపెండెంట్ సబ్‌క్వెరీ" అని, పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ నడిపితే "సబ్‌ప్లాన్" పక్కన పెద్ద లూప్స్ అంకె కనిపిస్తే ఆ లోపలి క్వెరీ చాలాసార్లు నడుస్తోందని అర్థం. ఎక్కువసార్లు మందు ఒక ఇండెక్సే (టేబుల్ మొత్తం చదవకుండా రోను త్వరగా వెతికిపెట్టే జాబితా): మన ఉదాహరణలో పాలు టేబుల్‌లో రైతు_ఐడి మీద. అది చాలకపోతే ముందే గ్రూప్ చేసి జాయిన్ చేసేలా విత్‌తో తిరిగి రాయండి.

పోస్ట్‌గ్రెస్‌లో 12వ వెర్షన్‌కి ముందు విత్‌లో రాసింది ఎప్పుడూ విడిగా లెక్క కట్టేది, బయటి షరతు లోపలికి వెళ్లేది కాదు. 2019లో 12 వచ్చాక, ఒకేసారి వాడిన మామూలు విత్‌ను బయటి క్వెరీతో కలిపేసుకుంటోంది. పాత సర్వర్‌లో విత్ నెమ్మదిగా ఉంటే ముందు దీన్ని అనుమానించండి.

ఎక్స్‌ప్లెయిన్ పక్కన ఎనలైజ్ చేరిస్తే మాత్రం జాగ్రత్త. అప్పుడు పోస్ట్‌గ్రెస్ ప్లాన్ చూపించడంతో ఆగదు, క్వెరీని నిజంగానే నడుపుతుంది. డిలీట్ ముందు పెడితే రోలు నిజంగానే పోతాయి. బిగిన్ కొట్టి, ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ నడిపి, ఎన్ని రోలు పోయాయో చూసుకుని రోల్‌బ్యాక్ కొట్టండి, బిగిన్ తర్వాత జరిగిన మార్పు రద్దయిపోతుంది.